డిప్యూటీ చీఫ్ గారి పులిహోర

సోమవారం పొద్దున్నే ఆఫీసర్ ఓర్టిజ్ గదిలోకి వచ్చి, కూర్చోకుండా ముందు తలుపు వేసేసరికి రజినికి ఏదో తేడాగా అనిపించింది. ఓర్టిజ్ తలుపులు వేసే రకం కాదు. ఏం చెప్పాలన్నా కారిడార్‌లోనే నలుగురికీ వినపడేలా చెప్పి నవ్వుకుంటూ పోయే మనిషి.

"మేడమ్, ఒక ప్రశ్న ఉంది. నాది కాదు. నా సూపర్‌విజన్‌లో ఉన్న ఒకాయన అడగమన్నాడు."

"ఏమిటది?"

"మీరు పంపిస్తున్న పసుపుపచ్చ అన్నం తినవచ్చా, లేక అది తనకు మీరు పెట్టిన పరీక్షా అని."

రజిని చేతిలోని కాఫీ కప్పు పెదవుల దాకా వెళ్లి అక్కడే ఆగింది.

ఆమె ఆ ఫెడరల్ ప్రొబేషన్ ఆఫీసులో డిప్యూటీ చీఫ్. ఫెడరల్ కోర్టులో శిక్ష పడ్డవాళ్లు జైలు నుంచి వచ్చాక కొన్నేళ్లపాటు ఈ ఆఫీసు కనుసన్నల్లో బతకాలి. ఎక్కడ ఉంటున్నారో, ఏం పని చేస్తున్నారో, ఎవరితో తిరుగుతున్నారో అన్నీ చెప్పాలి. ఆఫీసర్లు చెప్పాపెట్టకుండా ఇళ్లకు వెళ్లి చూసి వస్తారు. ఆ ఆఫీసర్లందరి మీదా అజమాయిషీ రజినిది. ఆమె పైన ఉన్నది చీఫ్ హాలోవే ఒక్కడే. ఆయన ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ కోసం గురువారం జడ్జీల ముందు రజినికి ఇంటర్వ్యూ.

చిన్నప్పుడే అమ్మానాన్నలతో అమెరికా వచ్చి, తోటి తెలుగు పిల్లలందరూ కంప్యూటర్ల వెంట పడుతుంటే తను క్రిమినల్ జస్టిస్ చదువుతానని భీష్మించుకున్న పిల్ల ఆమె. "దొంగల ఇళ్ల చుట్టూ తిరిగే ఉద్యోగమా, తల్లీ" అని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నా వినలేదు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఈ గది దాకా వచ్చింది. ఇంకొక్క గది మిగిలింది. అది పక్కనే ఉంది, దానికి రెండు కిటికీలు ఉన్నాయి.

కొత్తగా చేరిన ఆఫీసర్లకు మొదటి పాఠం ఆమే చెబుతుంది. సూపర్‌విజన్‌లో ఉన్నవాళ్ల నుంచి ఏదీ తీసుకోకూడదు, వాళ్లకు ఏదీ ఇవ్వకూడదు. "కాఫీ ఇస్తే?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "మంచినీళ్లు కూడా తాగరు" అని ఆమె తప్పకుండా చెబుతుంది. చాటుగా ఆమెను 'నో వాటర్' అంటారని ఆమెకు తెలుసు. ఆ పేరంటే లోలోపల కాస్త గర్వం కూడా.

ఓర్టిజ్ ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఫొటోలో ఒక వంటగది గట్టు, దాని మీద మూతపెట్టిన స్టీలు డబ్బా. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు: కొమ్మినేని రజినీ విశ్వనాథ్.

అది ఆమె పెళ్లి సామానులోని డబ్బా. "అమెరికా వెళ్లే గిన్నెలు కదా, తెలుగులో కొట్టిస్తే అక్కడ ఎవరికి అర్థమవుతుంది?" అని అత్తగారు తెనాలి బజారులో దగ్గర కూర్చుని మరీ ఇంగ్లీషులో పేర్లు కొట్టించింది. ఇప్పుడు అందరికీ చక్కగా అర్థమవుతోంది.

"ఎవరిల్లు ఇది?"

"సత్యం. కన్సల్టెన్సీ పెట్టి, లేని ఉద్యోగాలు చూపించి వీసా కాగితాలు వేసినాయన. జైలు నుంచి వచ్చి ఏడాది కాలేదు. శనివారం గిన్నెలు కడుగుతుంటే పేరు కనిపించిందట. మన లాబీలో మీ ఫొటో కింద చూసిన పేరే. రెండు రోజులు అన్నం సయించలేదంటున్నాడు పాపం. అంటే ఆ అన్నం కాదు, మామూలు అన్నం."

"నవ్వకు ఓర్టిజ్."

"నవ్వట్లేదు మేడమ్. నా మొహమే అంత."

రజిని మధ్యాహ్నానికే ఇంటికి బయలుదేరింది. అల్ఫారెట్టాలో ఆ వేళ రోడ్లు ఖాళీగా ఉంటాయి. గరాజ్ తలుపు తెరిస్తే చప్పుడవుతుందని కారు వీధిలోనే ఆపి, ముందు తలుపు తాళం తీసుకుని లోపలికి వచ్చింది. తన ఇంటికి తనే హోమ్ విజిట్ చేస్తున్నట్టు ఉంది.

అత్తగారు నాగమల్లేశ్వరి వంటగదిలో చింతపండు పిసుకుతోంది. వేసవి మొదట్లో వచ్చింది, చలి ముదరకముందే తిరిగి వెళ్తుంది. కోడలిని చూసి ఉలిక్కిపడలేదు. అలా ఉలిక్కిపడని వాళ్లనే ఎక్కువ అనుమానించాలని రజిని ఆఫీసులో చెబుతుంటుంది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది అత్తయ్యా. నా పెళ్లి డబ్బా ఎక్కడుంది?"

"ఏ డబ్బా?"

"మీరు పేరు కొట్టించింది."

"ఉంటుంది ఎక్కడో. డబ్బాలు ఎక్కడికి పోతాయి?"

రజిని ఫ్రిజ్ తెరిచింది. గోంగూర పచ్చడి, నువ్వుల కారం, కాకరకాయ వేపుడు. వెనక వరసలో ఎన్నడూ చూడని స్టీలు డబ్బా ఒకటి, అంచు కాస్త సొట్ట. అందులో సున్నుండలు.

"ఈ సున్నుండలు ఎవరు చేశారు?"

"బాగున్నాయన్నావుగా. మీ ఆఫీసుకు కూడా పట్టుకెళ్లావు."

"ఎవరు చేశారు, అత్తయ్యా?"

"మీనాక్షి గారు. పార్కులో నడకకొస్తుంది. పెద్దావిడ. మినుములు దోరగా వేయించడం ఆవిడ దగ్గర నేర్చుకోవాలి."

"ఆవిడ కొడుకు ఎవరో తెలుసా?"

నాగమల్లేశ్వరి కుళాయి విప్పింది. నీళ్ల చప్పుడులో, "కొడుకులతో నాకేం పని?" అంది.

రజిని స్టూలు మీద కూలబడింది. సత్యం తల్లి పేరు మీనాక్షి అని ఆమె ఆఫీసులో ఫైలు చూసే వచ్చింది. ఆమె చేసిన సున్నుండలను రజిని తను తినడమే కాదు, గత నెల మీటింగులో పళ్లెంలో పెట్టి అందరికీ పంచింది. చీఫ్ హాలోవే వాటి పేరు పలకడం రాక, "ఆ ఇసుక బంతులు ఇంకొకటి" అంటూ పళ్లెం ఖాళీ చేశాడు. ఆవిడ ఇచ్చిన గోంగూరే తను రోజూ లంచ్‌లో తింటోంది. మంచినీళ్లు కూడా ముట్టకూడదని పాఠం చెప్పిన రోజున కూడా ఆ లంచ్ బాక్సులో ఉన్నది ఆ ఇంటి నువ్వుల కారమే.

"ఆవిడ డబ్బా ఇచ్చేయండి. మన డబ్బా తెచ్చేసుకోండి. ఇవాళే. ఇక ఈ రాకపోకలు బంద్."

"ఇస్తాను. పులిహోర కలిపి ఇస్తాను."

"ఏమీ కలపొద్దు. ఖాళీగా ఇవ్వండి."

నాగమల్లేశ్వరి చేతులు తుడుచుకుని కోడలి వైపు జాలిగా చూసింది. "ఖాళీ డబ్బా మొహాన కొట్టి రమ్మంటావా? అది నా వల్ల కాదమ్మాయ్. ఆవిడా ఇవ్వదు. నేను పెట్టి ఇస్తాను, ఆవిడ తిరిగి పెట్టి ఇస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడమంటే అదే."

"అయితే ఇది ఎప్పటికి ఆగుతుంది?"

"ఎందుకు ఆగాలి?"

సాయంత్రం భర్త విశ్వనాథ్ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫ్రిజ్‌లోవన్నీ జిప్ బ్యాగుల్లో ఉన్నాయి. ఒక్కొక్క దాని మీద రజిని మార్కర్‌తో 'ముట్టుకోవద్దు' అని రాసి పెట్టింది.

"గోంగూర కూడానా?" అన్నాడు దిగులుగా.

"గోంగూర కూడా."

"చూడు రజినీ, గురువారం దాకా ఆగి, ఇంటర్వ్యూ అయ్యాక చెప్పొచ్చుగా? దొంగతనం ఏం చేయలేదు. పచ్చడి తిన్నాం."

ఆ మాట తనకూ తోచకపోలేదు. కారులో వస్తూ దారి పొడవునా ఆ మాటే అనుకుంది. కానీ ఇలాంటి మాట చెప్పిన ఆఫీసర్లను తను ఎలా చూస్తుందో ఆమెకు తెలుసు. "మూడు రోజులు ఆగితే పచ్చడి కాస్తా నేరమవుతుంది, విశ్వా" అంది.

మంగళవారం చీఫ్ హాలోవే అంతా విన్నాడు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "అయితే ఆ ఇసుక బంతులు..." అన్నాడు.

"అవి కూడా."

ఆయన మొహం పాలిపోయింది. "ఇందులో నేను వేలు పెట్టకూడదు. నేనూ లబ్ధిదారుడినే. పక్క డిస్ట్రిక్ట్ నుంచి డెలానీని పిలుస్తాను. ఆమె మీ అత్తగారి వాంగ్మూలం తీసుకుంటుంది. అది గురువారం లోపు జడ్జీల ముందు ఉంటుంది." ఆమెను తలుపు దాకా సాగనంపుతూ, "రజినీ, నువ్వు చెప్పి మంచి పని చేశావు. కుర్చీ సంగతి మాత్రం నేనేం చెప్పలేను" అన్నాడు.

బుధవారం డెలానీ వచ్చింది. పొడుగ్గా, గంజి పెట్టిన ఇస్త్రీ చీరలా ఉన్న మనిషి. చేతిలో తన మంచినీళ్ల సీసా తనే తెచ్చుకుంది. వస్తూనే రజినిని గదిలోంచి వెళ్లమంది. ఆ ఇంట్లో వంటగదికీ హాలుకీ మధ్య గోడలే లేవు. రజిని వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఏమీ కనిపించలేదు కానీ అన్నీ వినిపించాయి.

కోర్టు జాబితాలో ఉన్న తెలుగు దుబాసీ భానుశ్రీ, పిస్కాటవే అనే ఊరి నుంచి స్పీకర్ ఫోనులో ఉంది. సాక్షి చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెబుతానని ముందే ప్రమాణం చేసింది.

"మీనాక్షి గారి అబ్బాయి కోర్టు సూపర్‌విజన్‌లో ఉన్నాడని మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది డెలానీ.

"మొదటి రోజే" అంది నాగమల్లేశ్వరి.

మెట్ల మీద రజిని కమ్మీ పట్టుకుంది. అయిపోయింది. కుర్చీ అయిపోయింది, రెండు కిటికీలూ అయిపోయాయి.

"ఎలా తెలిసింది?"

"ఆవిడే చెప్పింది. నేను బెంచీ మీద పక్కన కూర్చోగానే, 'మా అబ్బాయి జైలుకెళ్లి వచ్చాడమ్మా, ముందే చెబుతున్నాను, మీరు లేచి వెళ్లిపోయినా నేనేమీ అనుకోను' అంది. ఎవరైనా పరిచయం కాగానే ఊరు చెబుతారు, పేరు చెబుతారు. ఈవిడ ఇది చెప్పింది. అంతకుముందు పార్కులో తెలుగువాళ్లు నలుగురికి మైసూరు పాకు చేసి పట్టుకెళ్లిందట. నలుగురూ తీసుకున్నారు. నలుగురూ డబ్బా కడిగి ఖాళీగా ఇచ్చారు."

భానుశ్రీ అనువదించింది. డెలానీకి అర్థం కాలేదు. "ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వడంలో తప్పేముంది? కడిగి ఇచ్చారు కదా."

"అది మా వాళ్లలో చాలా పెద్ద మాట, మేడమ్" అంది ఫోను.

"ఇది సాక్షి చెప్పిందా, మీరు చెప్పారా?"

"నేనే. సారీ, మేడమ్."

"సాక్షినే చెప్పనివ్వండి."

"ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు మీది?" అంది నాగమల్లేశ్వరి ఫోను వైపు వంగి.

"గుడివాడండీ. మేడమ్, సాక్షి నన్ను మా ఊరేదని అడుగుతోంది."

"జవాబు చెప్పకండి."

"చెప్పేశాను, మేడమ్."

డెలానీ సీసా మూత తీసి గుక్కెడు నీళ్లు తాగింది. "ఖాళీ డబ్బా సంగతి చెప్పండి."

"ఖాళీగా ఇస్తే, మీకూ మాకూ ఇక ఏమీ లేదు, మళ్లీ మా గడప తొక్కొద్దు అని" అంది నాగమల్లేశ్వరి. "ఆ మాట నోటితో అనడానికి ఆ నలుగురికీ ధైర్యం లేదు, డబ్బాతో అన్నారు. కొడుకు చేసిన పనికి జడ్జిగారు కొడుక్కి వేశారు శిక్ష. తల్లికి వేశారా? కాగితంలో అలా రాసి ఉంటే చూపించండి, ఇవాళే మానేస్తాను."

భానుశ్రీ ఈసారి చాలా శ్రద్ధగా అనువదించింది. కలం గీస్తున్న చప్పుడు మెట్ల దాకా వినపడింది.

"మీ కోడలి ఉద్యోగం సంగతి ఆమెకు చెప్పారా?"

"చెప్పలేదు. చెబితే ఆవిడకు భయమన్నా పుట్టాలి, ఆశన్నా పుట్టాలి. భయం పుడితే రాదు. ఆశ పుడితే ఏదో ఒకటి అడుగుతుంది, నేను కాదనాలి. ఈ గొడవంతా ఎందుకని, మా కోడలు ఆఫీసులో పని చేస్తుందని చెప్పి ఊరుకున్నాను."

"ఏ ఆఫీసని అడగలేదా?"

"ఇక్కడ అందరి కోడళ్లూ ఆఫీసుల్లోనేగా పని చేసేది."

"డబ్బా మూత మీద మీ కోడలి పేరు ఉంది."

"అద్దాలు పెట్టుకోకపోతే నాకు డబ్బానే ఆనదు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. మా ఇద్దరి లెక్కలో అవి ఉత్త గీతలు."

"మీ కోడలికి ఈ విషయం తెలుసా?"

నాగమల్లేశ్వరి నవ్వింది. "తెలిస్తే నన్ను బతకనిచ్చేదా? ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ చెప్పకుండా వెళ్లి చూసి వచ్చే ఆఫీసు తనది. సొంత ఇంట్లో ఫ్రిజ్ తెరిచి, ఇదెక్కడిదని ఒక్కరోజు అడగలేదు. పెట్టింది తింటుంది, బాగుందంటుంది, పరుగెడుతుంది."

ఆ మాట ఇంగ్లీషులోకి మారుతుంటే రజిని మెట్ల మీద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుంది. అనువాదం చాలా బాగా కుదిరింది.

డెలానీ లేచేసరికి ఆమె సీసా ఖాళీ అయింది. నాగమల్లేశ్వరి అడక్కుండానే అందుకుని, కుళాయి కింద నింపి చేతిలో పెట్టింది. డెలానీ సీసా వైపు చూసింది, ఆ ముసలావిడ వైపు చూసింది, మళ్లీ కూర్చుని వాంగ్మూలం కింద ఒక వాక్యం చేర్చింది. 'సాక్షి నా సీసాలో మంచినీళ్లు నింపింది. నేను తాగలేదు.'

గురువారం బల్లకు అవతల ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు. మధ్యలో ఉన్న చీఫ్ జడ్జి తెల్లజుట్టు ఆవిడ. బడ్జెట్ అడిగారు, సిబ్బంది సంగతి అడిగారు. రజిని అన్నిటికీ జవాబు చెప్పింది. ఎడమవైపు జడ్జి కాగితాలు పక్కకు జరిపి అసలు సంగతికి వచ్చాడు.

"మీ ఇంట్లో మీ అత్తగారినే మీరు ఆపలేకపోయారు. ఇంతమంది ఆఫీసర్లను ఎలా అదుపులో పెడతారు?"

"ఆఫీసర్లు నా మాట వింటారు, యువర్ ఆనర్. వాళ్లెవరూ నాకు అత్తగార్లు కారు."

ఆయన నవ్వలేదు కానీ మీసం కదిలింది. చీఫ్ జడ్జి అసలు కదల్లేదు. "ఫ్రిజ్ గురించి మీ అత్తగారు అన్నది నిజమేనా?"

"నిజమే, యువర్ ఆనర్. అందరి వంటగదుల్లోకీ తొంగి చూశాను. నా వంటగది చూసుకోలేదు. తప్పు నాదే."

"మీరు చీఫ్ అయితే మీ ఇంట్లో ఉన్న వాళ్ల డబ్బాను ఏం చేస్తారు?"

ఖాళీ చేసి, కడిగి, రసీదుతో తిప్పి పంపిస్తాను. ఆ జవాబు ఉదయం అద్దం ముందు రెండుసార్లు అని చూసుకుంది. వినడానికి శుభ్రంగా ఉంది. నోరు తెరిచింది కానీ ఆ మాట రాలేదు. ఎరగని ఒక ముసలావిడ బెంచీ మీద కూర్చుని డబ్బా మూత తీసి లోపలికి చూసుకోవడం కళ్ల ముందు మెదిలింది.

"తిప్పి పంపించను, యువర్ ఆనర్" అంది. "ఖాళీగా పంపిస్తే ఆ తల్లికి ఈ కోర్టు వేయని శిక్ష నేను వేసినట్టు అవుతుంది. నింపి పంపిస్తే రూలు తప్పుతాను. వాళ్ల డబ్బా మా ఇంట్లో ఉంది. మా డబ్బా వాళ్లింట్లో ఉంది. ఎక్కడివి అక్కడే ఉండిపోనివ్వండి. రికార్డులో రాసుకుందాం. ఎవరూ ఎవరికీ ఏమీ తిప్పి ఇవ్వరు కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది. సత్యం కేసు పక్క డిస్ట్రిక్ట్‌కు పంపించండి, ఆ ఫైలు నా కంట పడకూడదు. వాళ్లింటి వంట మా గుమ్మం దాటి రాదు. మా అత్తగారు ఆవిడతో స్నేహం మానాలని మాత్రం నేను చెప్పను. చెప్పినా వినదు."

"ఈ ఉద్యోగం రాకపోయినా ఇదే చెబుతారా?"

"రాదనుకునే చెబుతున్నాను, యువర్ ఆనర్."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇక వెళ్లవచ్చన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం చీఫ్ జడ్జి స్వయంగా ఫోను చేసింది. కేసు డెలానీ వాళ్లకు వెళ్లిపోయిందని ముందు చెప్పి, కుర్చీ రజినిదేనని తర్వాత చెప్పింది. పెట్టేసే ముందు, "కోర్టు రికార్డులోకి స్టీలు డబ్బాలు ఎక్కడం నా సర్వీసులో ఇదే మొదటిసారి" అంది. అది మెచ్చుకోలో కాదో రజినికి అర్థం కాలేదు.

ఇంటికి వచ్చేసరికి హాలులో నాగమల్లేశ్వరి గద్వాల చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని, సంచీతో సహా సిద్ధంగా ఉంది. విశ్వనాథ్ చేతిలో కారు తాళాలు ఉన్నాయి. అతను కూడా తల దువ్వుకున్నాడు.

"అత్తయ్యా, చీఫ్‌నయ్యాను. సత్యం కేసు డెలానీ వాళ్లకు వెళ్లిపోయింది."

"అవుతావని నాకు తెలుసు. చల్లగా ఉండు" అంటూ నెత్తి మీద చెయ్యి వేసింది. "అయితే ఆ కేసు ఇక మీది కాదన్నమాట?"

"కాదు. ఎక్కడికి బయలుదేరారు?"

"మీనాక్షి గారింటికి. డబ్బాలు వద్దన్నావుగా. వెళ్లి అక్కడే కూర్చుని తిని వస్తాను."

"విశ్వా, నువ్వెక్కడికి?"

"అమ్మకు డ్రైవింగ్ రాదుగా" అన్నాడు విశ్వనాథ్ గోడ వైపు చూస్తూ. "గుత్తివంకాయ చేశారట."

"నువ్వు కార్లోంచి దిగడానికి వీల్లేదు. అత్తయ్యా, మీరు కూడా వినండి. వెళ్లండి, మాట్లాడండి, తినండి. వచ్చేటప్పుడు మాత్రం చేతుల్లో ఏదీ ఉండకూడదు. తమలపాకు కూడా."

"ఉండదు. నాకు తెలీదా?" నాగమల్లేశ్వరి గుమ్మం దాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగింది. "కడుపులో వేసుకొచ్చింది నీ రూలు కిందికి వస్తుందా, రాదా?"

రజిని వెంటనే జవాబు చెప్పబోయి ఆగింది. ఆలోచించింది. నిజంగానే ఆలోచించాల్సిన ప్రశ్న.

"డెలానీని అడిగి చెబుతాను" అంది చివరికి.

"నిదానంగా అడుగు" అంటూ నాగమల్లేశ్వరి కొడుకు మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. "ఈలోగా మేం తినేసి వస్తాం."